‘ఫ్రాంక్’: ఒక విశేషణం, మూడు దారులు

నేనుండే చిలకలగూడలో బస్సు కోసం నిలబడితే, ‘ఫ్రాంక్‌గా చెప్పరా’ అని కుర్రవాళ్లు అనుకోవడం వినిపిస్తుంది. గోల్కొండ కోటకు వెళితే ఫిరంగులు చూపిస్తారు. బొబ్బిలి యుద్ధ కథలో ‘పరాసులు’ వస్తారు. ఈ మూడు మాటలకూ మూలం ఒక్కటేనంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆ మూలాన్ని పరిశీలిద్దాం.

క్రీ.శ. 5వ శతాబ్దంలో ఫ్రాంకులు అనే జర్మానిక్ తెగవారు గాల్ ప్రాంతాన్ని జయించారు. ఫ్రాన్స్‌కు ఆ పేరు వారి వల్లనే వచ్చింది. విజేతలైన ఫ్రాంకులు పూర్తి స్వేచ్ఛ గలవారు. కాబట్టి తెగ పేరే విశేషణమై ‘స్వేచ్ఛ గల’ అనే అర్థాన్ని సంతరించుకుంది. ఫ్రెంచిలో అది ‘ఫ్రాఁ’. ఇటాలియన్, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో ‘ఫ్రాంకో’. సుంకం లేని సరుకుకూ ఈ విశేషణాన్నే వాడారు. ఒకరికి లోబడనివాడు మనసులో మాట దాచుకోనక్కరలేదు. అందువల్ల ‘నిష్కపటమైన’ అనే అర్థం కూడా చేరింది.

ఈ పదకుటుంబం మూడు దారుల్లో మనల్ని చేరింది.

మొదటిది పశ్చిమాసియా దారి. 1096లో మొదలైన క్రూసేడుల కాలంలో అరబ్బులు పశ్చిమ ఐరోపావారందరినీ ఫ్రాంకులనే పిలిచారు. పారశీకంలో అది ‘ఫరంగీ’ అయింది. దక్కనులో ఐరోపావారికీ, వారితో ముడిపడిన వస్తువులకూ ఈ పేరు అంటుకుంది. తెలుగులో ఫిరంగి అంటే పెద్ద తుపాకి. మరాఠీలో ‘ఫిరంగ్’ అంటే ఐరోపా అలుగు గల కత్తి. 16వ శతాబ్దపు వైద్యగ్రంథం ‘భావప్రకాశ’లో ‘ఫిరంగ రోగం’ అంటే సవాయి వ్యాధి.

రెండవది సముద్రపు దారి. 1757లో బుస్సీ సేన బొబ్బిలి మీదికి వచ్చినప్పటి ఫ్రెంచివారిని తెలుగువారు ‘పరాసులు’ అన్నారు.

మూడవది ఇంగ్లీషు దారి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటే నేటి గన్‌ఫౌండ్రీ. ఆయన 1798లో మరణించాడు. అదే ఏడాది నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాలు రద్దయ్యాయి. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఆంగ్లేయుల దండు స్థిరపడింది. 1806లో ఆ చోటుకు సికిందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు. ఫ్రెంచి విశేషణం మనకు ఇంగ్లీషు నోటి గుండా రావడం వెనుక ఈ రాజకీయం ఉంది.

దీనినుంచి చరిత్ర విద్యార్థిగా మీరు గ్రహించవలసింది ఇది: పదమూలం తెలిసినంత మాత్రాన పదార్థం తెలిసినట్లు కాదు. 16వ శతాబ్దపు దక్కను పత్రంలో ‘ఫిరంగీలు’ అని కనబడితే ఫ్రెంచివారనుకోకండి. వారు సాధారణంగా పోర్చుగీసువారు. మాట ఎక్కడ పుట్టిందని అడగండి. ఆ తరువాత, ఎవరి చేతిలో, ఏ కాలంలో వాడుకలో ఉందని తప్పక అడగండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. తెగ పేరు ‘స్వేచ్ఛ గల’ అనే అర్థాన్ని ఎలా పొందింది?
2. ‘ఫిరంగి’, ‘పరాసు’ పదాలు తెలుగులోకి వచ్చిన దారులను పోల్చండి.