ఆరుంబావు సెంట్ల పెరడు: ఇంగ్లండు పట్టణములలో కూరమళ్ల చరిత్ర

పల్లెటూరి గృహస్థునకు పెరడు ప్రత్యేకముగా సంపాదించుకొనవలసిన వస్తువు కాదు. ఇల్లున్నచో దాని వెనుక ఒక పొట్లపాదో, మునగచెట్టో, నాలుగు వంగమొక్కలో ఉండనే యుండును. పట్టణవాసి సంగతి అట్లు కాదు. గోడకు గోడ ఆనుకొనియున్న చోట కొత్తిమీర విత్తుటకు సైతము అతనికి మన్ను కరవు. ఇంగ్లండు దేశమున అట్టి పట్టణవాసి తన కూర తాను పండించుకొనుటకై చాలకాలము పెనగులాడెను. ఆ పెనగులాటలో విత్తనమునకు గాని, పనిచేయు చేతులకు గాని లోటు లేదు. లోటంతయు భూమికే. భూమి యెవరి పేర నున్నది, కౌలు ఎంతకాలము, ఖాళీ చేయుమన్నచో ఏమి గతి? ఆ చరిత్ర యంతయు ఈ ప్రశ్నల చుట్టే తిరిగినది.

1649వ సంవత్సరము జనవరిలో ఇంగ్లీషువారు తమ రాజగు మొదటి ఛార్లెస్‌ను శిరచ్ఛేదము చేసిరి. ఆ ఏప్రిల్ మాసముననే లండనునకు నైరృతి దిక్కున సర్రే మండలములోని సెయింట్ జార్జి గుట్టమీద కొందరు బీదవారు పారలు పట్టి బంజరు త్రవ్వనారంభించిరి. వారికి పెద్ద గెరార్డు విన్‌స్టాన్లీ. ఇతడు లండనులో బట్టల వ్యాపారము చేసి దివాలా తీసినవాడు. భూమి యెల్లరి ఉమ్మడి సొత్తనియు, దున్నుకొని తినుటకు ఎవరి అనుమతియు అక్కరలేదనియు అతని వాదము. వారు పార్స్‌నిప్ అను దుంపలు, క్యారట్లు, చిక్కుళ్లు నాటిరి. చుట్టుపట్ల భూస్వాములు ఊరకుండలేదు. పైరు త్రొక్కించిరి, గుడిసెలు పడగొట్టించిరి, వ్యాజ్యములు వేసిరి. వారు కాబ్‌హాము వద్దకు తరలిపోగా, 1650 వసంతమున అచటి గుడిసెలకును అదే గతి పట్టెను. ఆ సెయింట్ జార్జి గుట్ట నేడు మహాధనికుల భవనములతో, గాల్ఫ్ మైదానముతో, కావలివాండ్రతో కూడిన పేట. బీదవాడు అందు ప్రవేశించుటయే కష్టము.

అంతటితో ఆగలేదు. మన గ్రామములలోని పశువుల బీడు, పోరంబోకు వంటి ఉమ్మడి భూములు ఆ దేశపు గ్రామములలోను ఉండెడివి. బీదవాని ఆవు అందు మేసెడిది, పొయ్యిలోనికి పుల్లలు అందు దొరకెడివి. 1604 మొదలు 1914 వరకు పార్లమెంటు 5,200లకు పైగా చట్టములు చేసి, 68 లక్షల ఎకరములకు కంచెలు వేయించి విడివిడి హక్కుదారులకు పంచిపెట్టెను. అది ఇంగ్లండు విస్తీర్ణములో అయిదవ వంతునకు మించినది. దస్తావేజు గలవానికి భూమి దక్కెను, వాడుక మాత్రమే గలవానికి దక్కలేదు. బీడుతో పాటు బ్రతుకుదెరువును పోగొట్టుకొన్నవారిలో అనేకులు మిల్లులు గల పట్టణములకు చేరిరి.

పట్టణము చేరినను మట్టిమీది ఆశ పోలేదు. లేసు నేతకు పేరొందిన నాటింగ్‌హాములో ఊరివెలుపల గుట్టలమీది తోటలను పట్టణవాసులు ముక్కలుగా కౌలునకు తీసికొనిరి. దుకాణదారులు, పనివారు సాయంకాలము తాళపుచెవి చేతబట్టుకొని కంచె తలుపు తెరచుకొని పోయి త్రవ్వుకొనెడివారు. అందొక గుట్టకు ఆకలిగుట్ట యని పేరు. ఎవరు పెట్టిరో గాని సార్థకమైన పేరు. 75 ఎకరముల ఆ తోటలు నేటికిని నిలిచియున్నవి.

ఇట్టి కౌలుమడిని ఆంగ్లమున అలాట్‌మెంటు అందురు. దాని వాడుక కొలత పది రాడ్లు. రాడ్డనగా 5½ గజముల కోల. పది చదరపు రాడ్లు 302½ చదరపు గజములగును. మన అడంగలు లెక్కలో సరిగా ఆరుంబావు సెంట్లు. కుటుంబమునకు కూరగాయలు సమకూర్చుటకు అది చాలునని వారి అనుభవము.

ఓటుహక్కు పల్లెకూలీల వరకు వ్యాపించిన పిమ్మటనే చట్టము వారివైపు చూచెననుట గమనింపదగినది. 1884లో వారికి ఓటు వచ్చెను. 1887లో అలాట్‌మెంటు చట్టము వచ్చెను. 1908 నాటి చట్టము మరింత గట్టిది. స్థానిక ఓటర్లు గాని పన్ను చెల్లించువారు గాని ఆరుగురు కలిసి వ్రాసికొన్నచో కౌన్సిలువారు ఆ కోరికను పరిశీలింపవలసినదే. నిజముగా అవసరమున్నచోట మళ్లు కల్పింపవలసినదే. 1922 చట్టము ఆ మడిలో పండినది ముఖ్యముగా పండించువాడును అతని కుటుంబమును తినుటకే కావలెనని నిర్వచించెను. ఆ ప్రయోజనమునకై కౌన్సిలు కొన్న భూమిని మంత్రి అనుమతి లేక అమ్మరాదని 1925లో నిబంధన చేసిరి. ఈ నాలుగింటిలో తోటవారిని నిజముగా కాపాడినది ఈ చివరిదే యనవలెను. మడి ఇప్పించుట ఒక యెత్తు, దానిని నిలుపుట ఒక యెత్తు.

ఈ భేదము మొదటి ప్రపంచయుద్ధమున స్పష్టమయ్యెను. జర్మను జలాంతర్గాములు ధాన్యపు ఓడలను ముంచుచుండగా, 1916 డిసెంబరులో ఖాళీ స్థలములను స్వాధీనము చేసికొను అధికారమును ప్రభుత్వము స్థానిక సంస్థల కిచ్చెను. యుద్ధము ముగియునప్పటికి మళ్ల సంఖ్య సుమారు 15 లక్షలయ్యెను. యుద్ధము ముగిసిన వెంటనే స్థలముల యజమానులు తమ స్థలములు తమకిమ్మనిరి. ఎరువు వేసి, రాళ్లేరి, నేలను మెత్తజేసినవారు అనేకచోట్ల ఖాళీచేసి పోవలసివచ్చెను.

ఇరువది సంవత్సరములకే వారితో మరల పని పడెను. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు బ్రిటనువారి ఆహారములో ఇంచుమించు మూడింట రెండు వంతులు సముద్రము దాటి వచ్చెడిది. 1939 అక్టోబరులో విజయమునకై త్రవ్వుడను పిలుపు రేడియోలో వెలువడెను. లండను టవరు అను పాతకోట అగడ్తలో కూరగాయలు వేసిరి. హైడ్ పార్కులో పందులను పెంచిరి. బాంబులు పడి నేలమట్టమైన బెత్నాల్ గ్రీను పేటలో ఇటుకముక్కలేరి మళ్లు కట్టిరి. 1943 నాటికి మళ్లు సుమారు 14 లక్షలు. 1940 జనవరి 8 నాడు పందిమాంసము, వెన్న, పంచదారలకు రేషను మొదలు కాగా, పిమ్మట గ్రుడ్లు సైతము మనిషికి వారమునకు ఒకటి చొప్పున దొరకుటయే గగనమయ్యెను. అంతట ప్రభుత్వమొక బేరము పెట్టెను. గ్రుడ్ల రేషను వదలుకొన్న కుటుంబమునకు దానికి బదులు కోళ్లకు వేయు పిండి నిచ్చెదరు. పెరటిలో నాలుగు పెట్టలున్న ఇల్లాలికి ఇది లాభసాటి బేరమే.

పండినదానిని పాడుగాకుండ దాచుట మరియొక విద్య. పంచదార యంతయు చీటీలమీదనే దొరకు కాలమున పండ్లు చెట్లక్రింద కుళ్లరాదని ప్రభుత్వము మహిళాసంఘములకు ప్రత్యేకముగా పంచదార నొసగెను. ఈ సంఘములవారు ముఖ్యముగా పల్లె స్త్రీలు. గ్రామశాలలలోను, వంటిండ్లలోను పొయ్యిలు పెట్టి, 1940 మొదలు 1945 వరకు 5,300 టన్నులకు పైగా పండ్లను జాములుగను, సీసాలలోని నిలువలుగను చేసిరి. మన వారికిది వింత గాదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలపు అతిథులకు వడ్డించిన వంటకములలో వడియములును, వరుగులును ఉన్నవి. ఎండలో ఎండబెట్టినది వానలో అక్కరకు వచ్చునని తెలుగు ఇల్లాలికి తెలిసినదే. ఎండలేని దేశమున ఆ పని పంచదార చేయవలసివచ్చెను, అంతే భేదము.

ఆ సంవత్సరములలోనే 1942 మార్చిలో రంగూను జపానువారి వశమై, బర్మా బియ్యము మనదేశమునకు రాక నిలిచిపోయెను. ఇచటను ఆహారమును అధికముగా పండింపుడను ఉద్యమము 1943లో మొదలయ్యెను. కాని ఆ ఏడే వంగరాష్ట్రమున లక్షలాది జనులు ఆకలితో మరణించిరి. లండనువానికి రొట్టె యైనను చీటీ లేకయే దొరకెను. రెండు దేశములకును ప్రభుత్వము ఒక్కటే యనుట మరువరాదు.

త్రాగుడు సంగతియు కొంత చెప్పవలెను. ఇంట బార్లీతో బీరు కాచుకొనుట ఇంగ్లీషువారి పూర్వాచారము. 1880లో మాల్టుమీది పన్ను తీసివేసి, ఇంట కాచుకొనువారికి లైసెన్సు పెట్టిరి. అమ్మకానికి గానిచో లైసెన్సు అక్కరలేదని 1963లోగాని తీర్మానింపలేదు. మన కౌటిల్యుడు సురాధ్యక్షుని ప్రకరణమున, గృహస్థులు శుభకార్యములయందు తెల్లసురను, ఔషధమునకై అరిష్టమును చేసికొనవచ్చునని యెన్నడో అనుజ్ఞ యిచ్చెను. ఖజానామీద అంత మక్కువ గల ఆ చాణక్యుడే ఇంటికుండ జోలికి పోకుండుట వింత.

1954 జూలై 4 నాటికి రేషను పూర్తిగా ఎత్తివేయబడెను. దుకాణములలో సమస్తము దొరకుచుండగా మళ్లమీది శ్రద్ధ సన్నగిల్లెను. ఇండ్లకును, రోడ్లకును అనేకము పోయెను. 1990 దశకము మధ్యకు మిగిలినవి ఇంచుమించు మూడు లక్షలు. పిమ్మట గాలి మరల మారి, పలు పట్టణములలో మడి కావలెనన్నవారు సంవత్సరముల తరబడి పట్టికలో పేరు వ్రాయించుకొని వేచియుండవలసివచ్చెను.

తూర్పు లండనులో మేనర్ గార్డెన్ తోట యని యొకటి ఉండెడిది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆర్థర్ విల్లియర్స్ అను బ్యాంకరు బీదలకై కల్పించిన మళ్లవి. అవి శాశ్వతముగా తోటవారికే చెందవలెనని ఆయన కోరికయని వారు చెప్పుకొనెడివారు. కోరిక వేరు, రిజిస్టరు వేరు. 2012 ఒలింపిక్ క్రీడలకు ఆ స్థలము కావలసివచ్చి 2007లో తోటవారిని లేటన్‌లోని వేరొక చోటికి తరలించి, కంచెలు, కొట్టములు పడగొట్టిరి. క్రీడలు ముగిసిన నాలుగేండ్లకు, 2016లో, వారిలో కొందరికి ఆ క్రీడాప్రాంగణపు అంచున పడ్డింగ్ మిల్ లేను వద్ద మరల మళ్లు దొరకెను.