వెలిగొండకు ఈవల కాలజ్ఞానం

వాన మొహం చాటేసిన ఏడు విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం. ఆ పర్వాన్ని తెనిగించిన తిక్కన నెల్లూరివాడే. అది జరిగిపోయిన కథ, అయినా దాన్ని చదివేది రాబోయే వాన కోసం. జలదంకి నుంచి ఉదయగిరి దాకా పరుచుకున్న మెట్టసీమలో దీనికి సరిగ్గా ఎదురుగా నడిచే పుస్తకం ఇంకొకటుంది. అది పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం. రాబోయేవన్నీ చెప్పిన పుస్తకమని పేరు గానీ, జనం దాన్ని ఆత్రంగా తెరిచేది ఏదో ఒక ఉపద్రవం మీద పడ్డాకే. రాబోయే దాని కోసం భారతమూ, వచ్చిపడిన దాని కోసం కాలజ్ఞానమూ చదువుతాం. ఈ తారుమారు యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. కాలజ్ఞానాన్ని మళ్లీ మళ్లీ చదవడమనే ఆచారం పైకి జోస్యంలా కనిపిస్తుంది, లోపల అది జ్ఞాపకం. రాతపూర్వకమైన చరిత్ర తమకంటూ లేని జనం తమ కష్టాలను దాచుకున్న చిట్టా అది.

ఈ పుస్తకం ఈ సీమకు దూరపుది కాదు. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వెలిగొండలు దాటితే బద్వేలు, ఆ పక్కనే కందిమల్లాయపల్లె. ఈనాడు అందరూ బ్రహ్మంగారి మఠం అని పిలిచే ఊరు అదే. అక్కడే 1693లో ఆయన సజీవ సమాధి అయ్యారని సంప్రదాయం. అంతకు ముందు బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో తాటాకుల మీద రాశారనీ, ఆ తాటాకుల్లో కొన్నింటిని పాతర వేసి పైన చింతచెట్టు నాటారనీ చెప్పుకుంటారు. ఆయన విశ్వబ్రాహ్మణుడు. శిష్యుల్లో ముందువరసలో వినిపించే పేర్లు దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య. పుస్తకం ఎవరి చేతుల్లో బతికిందో చెప్పడానికి ఈ మూడు పేర్లే చాలు. కొలిమి దగ్గర, వడ్రంగి సాలలో, తత్వాలు పాడుకునే తంబుర పక్కన బతికిన పుస్తకం ఇది. చదువు రానివాళ్లకు అది తత్వాల రూపంలో, వీధినాటకం రూపంలో అందింది. కడప జిల్లాలోనే పుట్టిన సురభి సమాజంవారు బ్రహ్మంగారి చరిత్రను ఊరూరా ఆడారు. 1984లో ఎన్.టి. రామారావు సినిమాగా తీశారు. ఒకే కథను ఒకే జనం ఇన్ని రూపాల్లో, ఇన్నిసార్లు విన్నారంటే కథ తెలియక కాదు.

మరి అంత ఇష్టంగా వినడానికి అందులో ఉన్నదేమిటి? భయం. దాచుకోవలసిన పని లేదు, కాలజ్ఞానం మన భాషలో పుట్టిన పెద్ద భయానక రచన. అయితే ఆ భయానికి చిరునామా ఉంటుంది. లోకం మునుగుతుందని ఊరుకోదు. కృష్ణ పొంగి బెజవాడ కనకదుర్గమ్మ ముక్కుపుడకను అందుకుంటుందని చెబుతుంది. యాగంటి రాతి బసవన్న లేచి రంకె వేస్తాడంటుంది. వినేవాళ్లు దుర్గమ్మ కొండనూ చూసి ఉంటారు, ఆ బసవన్న వీపునూ తాకి ఉంటారు. ఇక కక్కయ్య కథ ఒళ్లు గగుర్పొడిచేది. ఒంట్లో షట్చక్రాలున్నాయని గురువు చెప్పగా విని, కక్కయ్య ఇంటికెళ్లి భార్య దేహాన్ని కోసి వెతుకుతాడు. ఏమీ కనిపించక గురువు అబద్ధమాడాడని మండిపడతాడు. గురువు వచ్చి ఆమెను బతికిస్తాడు. ఎంత భయంకరమైన కథో అంత లోతైనది కూడా: మాటను మాటగా వదిలేయక కళ్లతో చూసి తేల్చుకోవాలనుకున్న మనిషికి సంప్రదాయం శిక్ష వేయలేదు, శిష్యుడి స్థానమిచ్చింది.

కాలజ్ఞానం జ్ఞాపకంగా పనిచేయడానికి కీలు ఎక్కడుందంటే, సంవత్సరాల పేర్లలో ఉంది. అది ఉపద్రవాలను ప్రభవ మొదలు అక్షయ దాకా ఉన్న అరవై పేర్లతో చెబుతుంది. మన జనం కరువులకు పెట్టుకున్న పేర్లూ అవే. 1832-33 నాటిది నందన కరువు, 1876లో మొదలైనది ధాత కరువు. అరవై ఏళ్లకొకసారి ఆ పేరు మళ్లీ వస్తుంది, పేరుతోపాటు పాత కథా పైకి లేస్తుంది. ధాత మళ్లీ వచ్చిన 1936లో, అరవై దాటిన పెద్దలకు తమ పసితనపు ఆకలి గుర్తుకు రావడానికి పంచాంగంలో ఆ పేరు చూస్తే చాలు. ఇంఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేసిన 1918 కాళయుక్తి. కరోనా వచ్చిన 2020 శార్వరి, అంటే రాత్రి. ఒక శకం లెక్క పట్టుకుని నిలువుగా సాగే కాలగణనలో ఏ ఏడూ తిరిగి రాదు. చక్రంలో తిరిగే లెక్కలో గడిచిన ప్రతి ఏడూ ముందున్నదే. అందుకే ఈ పుస్తకంలో జరిగినదీ జరగబోయేదీ ఒకే క్రియలో ఇమిడిపోతాయి.

హేతువాదుల ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఉత్తరదేశంలో వైశ్యకులంలో గాంధీ పుడతాడన్న మాట గాంధీ పుట్టాక చేర్చిందేననీ, ఎద్దులు లేని బండ్లు రైలు చూశాకే వచ్చాయనీ, 2020లో చేతులు మారిన కరోనా వాక్యం కూడా ఆ బాపతేననీ వాళ్లంటారు. జోస్యం మాటకొస్తే వాళ్లదే న్యాయం. జరగక ముందే చెప్పారని నిరూపించే ఆధారం ఏదీ నా ముందు లేదు. కానీ కల్తీ అని తీసిపారేస్తున్న ఆ చేర్పులే చరిత్రకారుడికి అసలు సరుకు. ఏ తరం ఏ వాక్యం చేర్చిందో తెలిస్తే, ఆ తరాన్ని ఏది వణికించిందో తెలుస్తుంది. అన్నీ చేర్పులే అనడం కూడా సరికాదు. నీళ్లతో దీపాలు వెలుగుతాయన్న మాటనే తీసుకోండి. జలవిద్యుత్తు రాక ముందు అది ఒక సిద్ధుడి మహిమగా వినబడి ఉంటుంది, వచ్చాక కరెంటుగా వినబడింది. అక్షరం మారలేదు, చదివిన కళ్లు మారాయి.

ఇది మన వెనకబాటుతనపు లక్షణం అనుకునేవాళ్లు అమెరికా వైపు ఒకసారి చూడాలి. స్టీఫెన్ కింగ్ 1978లో ‘ది స్టాండ్’ అనే బృహన్నవల రాశాడు. సైనిక ప్రయోగశాల నుంచి తప్పించుకున్న ఫ్లూ దాదాపు జనాన్నంతా తుడిచిపెడుతుంది, మిగిలిన కొద్దిమంది కొత్త లోకం కట్టుకోబోతారు. మొదటి ముద్రణలో ఆ ఉపద్రవం 1980లో జరుగుతుంది. తర్వాత చవక ప్రతిలో అది 1985 అయింది. అంతకు ముందు కత్తిరించిన వందల పేజీలను తిరిగి చేర్చి 1990లో వేసిన ముద్రణలో అది 1990కి జరిగింది. కరోనా రోజుల్లో పాఠకులు మళ్లీ ఆ పుస్తకం దుమ్ము దులిపారు. ఒక రచయిత సంతకం పెట్టి పన్నెండేళ్లలో చేసిన పనిని, మన పల్లెలు సంతకం లేకుండా మూడు వందల ఏళ్లుగా చేశాయి. ప్రళయం ఎప్పుడూ చదివేవాడి పక్కింటి దూరంలో ఉండాలి. లేకపోతే ఆ పుస్తకాన్ని రెండోసారి తెరవరు.

ఇంకొక ఆక్షేపణ ఇంతకంటే గట్టిది. అంతా ముందే రాసి ఉందని నమ్మేవాడు చెరువు పూడిక ఎందుకు తీస్తాడు? తలరాత అనుకుని కూర్చోడా? దీనికి సమాధానం ధాత కరువులోనే దొరుకుతుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఒంగోలు కూడా ఉండేది. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన మాదిగల కథల పుస్తకం చూస్తే, క్రీస్తు మాట వినడానికి ముందే ఆ గూడేల్లో వీరబ్రహ్మంగారి రాజయోగం పాదుకుని ఉందని తెలుస్తుంది. కులం లేని గురుబోధ, లోకం తలకిందులై కొత్త ధర్మం నిలుస్తుందన్న ఆశ వాళ్లకు కొత్తవి కావు. కాలజ్ఞానం విన్న చెవులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పలుగూ పారా పట్టుకున్నాయి, తరతరాల కట్టు తెంచుకుని కొత్త సంఘంలో చేరాయి. బువ్వ కోసమే చేరారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. ఆకలి ఒక కారణమే. అయితే ఆకలి ఒక్కటే కారణమైతే కరువు తీరాక అందరూ వెనక్కి రావాలి, అలా జరగలేదు.

ఇక్కడే కాలజ్ఞానంలో జనం తక్కువగా పట్టించుకునే సగం బయటికొస్తుంది. అది ప్రళయంతో ఆగదు. వీరభోగ వసంతరాయలు వస్తాడు, ధర్మం నిలబెడతాడు. టీవీల్లో, ఫోన్లలో తిరిగే ముక్కల్లో వినిపించేది విషగాలీ రక్తవర్షమే. పూర్తిగా చదివినవాడికి మాత్రం తర్వాతి లోకం ఎలా ఉండాలన్న ప్రశ్న మిగులుతుంది. ముక్కలుగా చదవడమే ఈ పుస్తకానికి జరిగిన అన్యాయం. ఇది కేవలం భయపెట్టే సరుకుగా మారింది అందువల్లే.

చేయవలసిన పని ఇంకా ఉంది. తాటాకు ప్రతులు, చేతిరాత నోటు పుస్తకాలు, సంతల్లో అమ్మిన చవక అచ్చులు వెలిగొండకు రెండువైపులా చేరదీసి, ఏ వాక్యం ఏ ప్రతిలో మొదట కనిపించిందో, ఏ ఏడాది పేరు ఏ ప్రతిలో మారిందో పక్కపక్కన పెట్టి చూడాలి. వేమన పద్యాలకు కడపలో కూర్చుని సి.పి. బ్రౌన్ చేసినది దాదాపు ఇదే పని. ధాత పేరు ఉన్న వాక్యాలతో మొదలుపెట్టవచ్చు. ఆ ఏడు మళ్లీ 2056లో వస్తుంది.