క్షుద్ర నేరకథ (కోనసీమ)

ఊళ్లో ఓ చావు. ఊరు చేతబడి అంటుంది, ఎస్సై అనుమానాస్పద మృతి అని రాసుకుంటాడు. ఈ రెండు మాటల మధ్య నడిచే నవలలకూ సినిమాలకూ తెలుగులో స్థిరపడిన ఒక్క పేరు లేదు. క్షుద్ర నవల, హారర్ థ్రిల్లర్, సస్పెన్స్ అన్నీ వాడుకలో ఉన్నాయి. ఈ తరహా కథలకు కోనసీమతో చెప్పుకోదగ్గ సంబంధాలు రెండు. ఒకటి రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ (జననం 1948) నవలలు. రెండోది ఆత్రేయపురానికి చెందిన అజయ్ భూపతి దర్శకత్వంలో వచ్చిన ‘మంగళవారం’ (2023).

నేపథ్యం

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కాలం నుంచి తెలుగు అపరాధ పరిశోధన నవల చాలావరకు ఆధారాలనూ తర్కాన్నీ నమ్ముకుంది. అందులో దెయ్యం కనిపించినా చివరికి అది మనిషి పన్నాగమే అని తేలడం రివాజు. కానన్ డాయల్ ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ (1901–02) నడిచిన దారీ అదే. జాన్ డిక్సన్ కార్ మాత్రం ‘ది బర్నింగ్ కోర్ట్’ (1937)లో హేతుబద్ధమైన పరిష్కారం చెప్పేసి, చివరి పేజీల్లో దాన్నే అనుమానంలో పడేశాడు.

తులసిదళం

యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. రచనాకాలాన్ని 1980ల తొలినాళ్లు అనడం క్షేమం. తులసి అనే పాప మీద కాద్రా అనే మంత్రగాడి ప్రయోగం కథకు వెన్నెముక. అయితే ఆ ప్రయోగం వెనుక ఉన్నది ఆస్తి మీద ఆశ. మంత్రాన్ని తీసేసి చూస్తే మిగిలేది పక్కా నేరకథ. పాప బాధకు వైద్యం ఒక కారణం చెబుతుంది, మంత్రం మరొకటి చెబుతుంది. రచయిత రెండు దారులనూ పక్కపక్కనే నడిపిస్తాడు. దీన్ని వట్టి దెయ్యాల కథగా జమకట్టినవారి కంటే, ఈ జంట వివరణను పట్టించుకున్నవారి అంచనానే నవలకు దగ్గరగా ఉంది.

నవల మీద దాడీ తక్కువేం కాదు. మూఢనమ్మకాలకు పాఠకులను అలవాటు చేస్తోందన్నది ప్రధాన ఆరోపణ. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ పేరుతో ఏకంగా పుస్తకమే రాశారు.

దీని కొనసాగింపు ‘తులసి’. 1986లో వచ్చిన ‘కాష్మోరా’ సినిమాకు మూలం ‘తులసిదళం’ అని కొందరు చెప్పినా, ‘తులసి’ అనడమే సరైనదిగా తోస్తుంది. రామ్‌గోపాల్ వర్మ హిందీ చిత్రం ‘ఫూంక్’ (2008)కూ ‘తులసిదళం’కూ పోలికలున్నాయని తరచూ అంటారు.

యండమూరిలో చట్టం, పోలీసుల పాయ వేరుగా ఉంది. ఉరిశిక్ష రద్దు కోసం పోరాడే లాయర్ కథ ‘అభిలాష’ 1983లో సినిమాగా వచ్చింది. ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ (1991)కు ఆయనే దర్శకుడు. ఆయన పేరుపడ్డ రచనల్లో క్షుద్రం ఒక దారి, ఖాకీ ఒక దారి.

మంగళవారం

ఆ రెండు దారులూ కలిసేది అజయ్ భూపతి సినిమాలో. ఆయన సొంతూరు ఆత్రేయపురం పూతరేకులకు పేరున్నది, కొత్తపేటకు దగ్గర. ఆయన తొలి చిత్రం ‘ఆర్‌ఎక్స్ 100’ (2018)లోనూ గోదావరి పల్లె వాతావరణమే. 2023 నవంబరు 17న విడుదలైన ‘మంగళవారం’ మహాలక్ష్మీపురం అనే కల్పిత గ్రామంలో జరుగుతుంది. అక్రమ సంబంధం అంటగడుతూ గోడ మీద ఇద్దరి పేర్లు కనిపిస్తాయి, ఆ ఇద్దరూ శవాలై తేలతారు, వరసగా మంగళవారాలే. గ్రామదేవత ఆగ్రహమని ఊరి నమ్మకం, హత్యలని ఎస్సై మాయ (నందితా శ్వేత) అనుమానం. పోస్టుమార్టం చేయించాలా వద్దా అన్న దగ్గరే అసలు పోరు మొదలవుతుంది. ఆమె చేతిలో అసలైన ఆయుధం పిస్తోలు కాదు, పోస్టుమార్టం కాగితమే.

చదివే తీరు

ఈ కథల్లో పాఠకుడు రెండు ప్రశ్నలు వెంటబెట్టుకుని నడుస్తాడు: ఇది నిజంగా జరిగిందా, జరిగితే లాభం ఎవరికి? మొదటిదానికి జవాబు దొరకకపోయినా, రెండోదానికి దొరికితే నేరకథ నిలబడినట్టే. చట్టం తీరూ ఇంచుమించు ఇదే. దేవత కోపం నిజమా కాదా అన్న విచారణ దానికి అక్కర్లేదు. మాట వినకపోతే దైవాగ్రహానికి గురవుతావని నమ్మించి, ఒకరిచేత చేయనక్కర్లేని పని చేయించడం పాత భారతీయ శిక్షాస్మృతిలో 508వ సెక్షన్ కింద నేరం. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 354వ సెక్షన్.

సంబంధిత రచనలు

‘మా ఊరి పొలిమేర’ (2021) ఓ పల్లెలో చేతబడినీ పోలీసు దర్యాప్తునూ కలిపిన చిత్రం. దాని రెండో భాగం 2023లో వచ్చింది. గోదావరి జిల్లాల కథలకు పేరుపడ్డ వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985)లో భయపెట్టేది దెయ్యం కాదు, పులి. అందుకే దాన్ని ఈ కోవలో చేర్చేవారు తక్కువ. చావులకు ఊరు చెప్పే కారణాన్ని శంకించే పద్ధతిలో మాత్రం అది వీటికి దగ్గరి చుట్టం.