అతుకుల బొంతలో దాగిన చరిత్ర

పొందిక లేని పనిని చూచి మనము "అతుకుల బొంత" అని తేలికగా తీసివేయుదుము. ఈ మాట బొంతకు న్యాయము చేయదు. జనగామ జిల్లా తరిగొప్పుల వంటి మన పల్లెలలో గొంగడి కురుమల మగ్గముపై పుట్టును. బొంత ఇంటి ఆడవారి చేతులలో పుట్టును. పాత చీరలు, పంచెలు ఒకదానిపై నొకటి పరచి, లావు దారముతో వరుసగా కుట్లు వేయుదురు. కొలబద్ద లేదు, కాగితము లేదు. కంటి కొలతయే కొలత.

ఇదే పనిని కాగితపు కొలతతో చేయు సంప్రదాయమొకటి ఇంగ్లండులో పెరిగినది. అట్టతో షట్కోణపు అచ్చు, అనగా ఆరు పలకల అచ్చు, చేసికొని దాని ప్రకారము కాగితములు కత్తిరింతురు. బట్టను పావు అంగుళము పెద్దదిగా కోసి, అంచులను కాగితముపైకి మడచి కచ్చా కుట్టు వేయుదురు. పిదప రెండు ముక్కలను ఎదురెదురుగా పెట్టి, అంచుల కొసలను మాత్రమే పట్టి కుట్టుదురు. నడుమ ఒకటి, చుట్టు ఆరు చేరగా ఏడు ముక్కల పువ్వు తయారగును. ఒక్కొక్క మూల 120 డిగ్రీలు. మూడు మూలలు కలిసిన చోట 360 నిండి సందు మిగలదు. తేనెపట్టు గదులును ఇట్టివే. అన్ని వైపుల ముక్కలు అతికిన పిదప కాగితము తీసి మరల వాడుదురు.

ఇంగ్లండువారి ఈ అతుకుల పనిలో మన తీరమునకును వాటా కలదు. మచిలీపట్నము మొదలగు కోరమాండల్ రేవుల నుండి వెళ్ళిన పూల అద్దకపు బట్టలపై ఆ దేశము మోజుపడినది. అక్కడి నేతగాండ్రు ఆందోళన చేయగా, పార్లమెంటు 1700లో ఇంటి వాడకమునకు వాటి దిగుమతిని, 1721లో వాడకమునే నిషేధించినది. 1774 వరకు ఆ నిషేధము తొలగలేదు. ఉత్తర ఇంగ్లండులోని లీవెన్స్ హాల్ భవనములో సుమారు 1708 నాటిదని చెప్పబడు దుప్పటి మన దేశపు అద్దకపు ముక్కలతో కుట్టినదే.

1718 అని సంవత్సరము కుట్టియున్న ఒక పట్టు దుప్పటిలో కాగితములు నేటికిని లోపలనే యున్నవి. షట్కోణపు నమూనాను 1835లో అమెరికాలోని గోడీస్ లేడీస్ బుక్ పత్రిక ప్రచురించినది. పాత ఉత్తరములను, లెక్కల కాగితములను అచ్చులుగా వాడుటచే, తీయక మిగిలిన కాగితమే అనేక దుప్పట్ల కాలమును చెప్పుచున్నది.

కాగితము లేనిచోట పేరే సాక్ష్యము. 1942లో సింగపూరు జపాను వశమైన పిదప, చాంగీ జైలులో నిర్బంధింపబడిన 8 మొదలు 16 ఏండ్ల గైడు బాలికలు సుమారు 20 మంది, తమ నాయకురాలు ఎలిజబెత్ ఎన్నిస్ జన్మదినమునకై దొరికిన పాత గుడ్డలతో షట్కోణపు పూల దుప్పటి కుట్టిరి. పూల నడుమ తమ పేర్లు కుట్టిరి. అది నేడు లండనులోని ఇంపీరియల్ వార్ మ్యూజియములో భద్రముగా నున్నది.

ప్రియ సంఘస్థులారా, మన బొంతలో కాగితమును లేదు, పేరును లేదు. అది అరిగిన పిదప మరియొక బొంతకు పొరయై పోవును. కట్టడముల తేదీలు, అధికారుల పేర్లు మనము వ్రాసికొందుము. చలిరాత్రులలో మనలను కప్పిన చేతుల పేర్లు వ్రాసికొనము. యొప్పేలో దొర్కా కుట్టిన వస్త్రములను విధవరాండ్రు చూపిరి గనుకనే ఆమె పని మనకు తెలిసినది. ఇంటిలో పాత బొంత యున్నచో, ఏ పొర ఎవరి చీరయో అవ్వను అడుగుడు. చిన్న గుడ్డముక్కపై ఆమె పేరును, సంవత్సరమును కుట్టి, దానిని బొంత మూలకు అతికింపుడు. మనుమరాండ్రకు అంత చరిత్రయైనను మిగులును.