ప్రమాద పరిహారంలో మధ్యవర్తి వాటా: తిరుపతి–చిత్తూరు ప్రాంత నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
రోడ్డు ప్రమాద బాధితుల తరఫున పరిహారపు దావా నడిపించేవారికి ప్రతిఫలం ఏ మార్గంలో అందుతూ వచ్చిందో, ఆ మార్గాన్ని చట్టం ఎలా అదుపు చేయజూసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వాటా ఒప్పందాన్ని నిషేధించడం ఒక్కటే చాలలేదనీ, పరిహారపు సొమ్ము చేతులు మారే దారిని మార్చడమే మరింత బలమైన రక్షణ అనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోటారు ప్రమాదం, నష్టపరిహారం, ట్రిబ్యునల్, దళారీ, వాటా ఫీజు, తిరుపతి, చిత్తూరు.

1. ఉపోద్ఘాతం
బ్రిటన్‌లో ప్రమాద బాధితులను వెతికి న్యాయవాదులకు అప్పగించే కంపెనీలు 1990ల చివరి నుంచి విస్తరించాయి. న్యాయవాది చెల్లించే పరిచయ రుసుము, బాధితుని పరిహారంలో వాటా వాటి ప్రధాన ఆదాయాలు. 2006 నాటి పరిహార చట్టం వాటిని నియంత్రణలోకి తెచ్చింది. గాయాల కేసులలో పరిచయ రుసుమును 2013 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. భారతదేశంలో ఇటువంటి కంపెనీలకు ప్రత్యేక చట్టమంటూ లేదు. అయినా వాటి పని లేకపోలేదు. న్యాయవాది, గుమాస్తా, ఆసుపత్రి దగ్గర పరిచయమయ్యే దళారీ ఆ పనిని పంచుకున్నారు. ప్రతిఫలం కాగితం మీదికి రాకపోవడమే ఇక్కడి ప్రత్యేకత.

2. వలస పాలనా కాలం
వ్యాజ్యానికి పెట్టుబడి పెట్టి ఫలితంలో వాటా తీసుకోవడాన్ని ఇంగ్లీషు న్యాయం నేరంగా చూసేది. ఆ నియమం భారతదేశానికి యథాతథంగా వర్తించదని 1876లో ప్రివీ కౌన్సిల్ ఒక బెంగాల్ కేసులో తేల్చింది. అన్యాయమైన, దోపిడీతో కూడిన ఒప్పందాలను మాత్రం న్యాయస్థానాలు అమలు చేయవని స్పష్టం చేసింది. న్యాయవాదికి కేసులు తెచ్చిపెట్టి ప్రతిఫలం తీసుకునేవారి విషయంలో చట్టం కఠినంగా వ్యవహరించింది. 1879 నాటి న్యాయవాద వృత్తి చట్టానికి జరిగిన సవరణలతో అటువంటి దళారీల జాబితాలు తయారుచేసి కోర్టులో ప్రదర్శించే అధికారం ఏర్పడింది. 2023 సవరణ ఆ అధికారాన్ని 1961 నాటి అడ్వకేట్ల చట్టంలోకి తెచ్చింది.

తిరుపతి, చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. మరణానికి పరిహారం కోరాలంటే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ దావా వేయాలి. కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము కట్టాలి. పోషకుణ్ణి కోల్పోయిన కుటుంబానికి ఇది తలకు మించిన భారం. 1923 నాటి కార్మిక పరిహార చట్టం వేరే దారి పట్టింది. మరణ పరిహారాన్ని యజమాని నేరుగా ఇవ్వక కమిషనర్ వద్ద జమచేయాలంది. పరిహారాన్ని ఇతరులకు బదిలీ చేయడాన్నీ, తాకట్టు పెట్టడాన్నీ నిషేధించింది.

3. ట్రిబ్యునల్, యాత్రికుడు
1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని తప్పనిసరి బీమా 1946లో అమలులోకి వచ్చింది. ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లకు 1956 సవరణ వీలు కల్పించింది. పెద్ద కోర్టు రుసుము తొలగింది. చెల్లించే స్తోమతగల బీమా సంస్థ ప్రతివాదిగా నిలిచింది. దావా ఖర్చు తగ్గి, సొమ్ము వసూలయ్యే నమ్మకం పెరిగినచోట వాటా బేరానికి కూడా అవకాశం పెరిగింది.

అయితే దరఖాస్తును ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయాలి. తిరుపతి వంటి యాత్రాస్థలంలో దీని ప్రభావం గమనార్హం. తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చిన యాత్రికుడు ఇక్కడ మరణిస్తే, అతని కుటుంబం తెలియని ఊరిలో, తెలియని భాషలో ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, అభియోగపత్రం సంపాదించుకోవాలి. స్థానిక మధ్యవర్తి అవసరాన్ని ఇటువంటి దూరమే సృష్టిస్తుంది. దరఖాస్తుదారు తాను నివసించేచోటే దావా వేసుకునే వీలును 1994 సవరణ ఇచ్చింది. ప్రమాద సమాచారాన్ని 30 రోజులలో ట్రిబ్యునల్‌కు పంపే బాధ్యతను పోలీసులపై పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన నియమాల ప్రకారం తొలి ప్రమాద నివేదిక 48 గంటలలో చేరాలి. కాగితాలు తమంతట తామే కదిలితే, వాటిని కదిలించేవాడికి ఇవ్వవలసిన కమిషన్‌కు ఆధారం ఉండదు.

4. వాటా లెక్క
వసూలైన సొమ్ములో సగం తీసుకునేలా ఒప్పందం చేసుకున్న న్యాయవాది వృత్తిపరమైన దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు కూడా నిషేధించాయి. అయినా 2017 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి ఇటువంటి కేసే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. భర్తను ప్రమాదంలో కోల్పోయిన మహిళ నుంచి పరిహారంలో శాతంగా ఫీజు కోరుతూ తీసుకున్న చెక్కు అక్కడ వివాదాంశం. ఆ ఒప్పందం చట్టవిరుద్ధమని చెప్పి, చెక్కు కేసును కోర్టు కొట్టివేసింది.

ఈ వాటా ఎవరి నోటి కూడో పరిహారం లెక్కే చెబుతుంది. 2009 నాటి సరళా వర్మ తీర్పు పద్ధతిని ఉదాహరణకు తీసుకోవచ్చు. నెలకు 12,000 రూపాయలు సంపాదించే 38 ఏళ్ల వ్యక్తికి ఐదుగురు ఆశ్రితులు ఉన్నారనుకుందాం. అతని సొంత ఖర్చుకు నాలుగోవంతు తీసివేస్తే కుటుంబానికి మిగిలేది 9,000. గుణకం 15 ప్రకారం ఆశ్రిత నష్టం 16,20,000 రూపాయలు. భవిష్యత్ ఆదాయపు పెరుగుదలను, ఇతర పద్దులను ఇక్కడ కలపలేదు. ఇందులో మధ్యవర్తి 20 శాతం తీసుకుంటే 3,24,000 రూపాయలు పోతాయి. అది ఆ కుటుంబపు 36 నెలల పోషణ. ట్రిబ్యునల్ లెక్కలో మధ్యవర్తి కమిషన్‌కు పద్దు లేదు. కాబట్టి అది పిల్లల తిండి, చదువుల సొమ్ము నుంచే తెగుతుంది.

5. సొమ్ము నడిచే దారి
నోటిమాటతో కుదిరిన వాటాను నిరూపించడం కష్టం. దానిని వసూలు చేసుకునే క్షణం మాత్రం ఒకటుంది. అది పరిహారం చేతికందే క్షణం. 1993 నాటి సూసమ్మ థామస్ తీర్పు ఆ క్షణంపై దృష్టి పెట్టింది. మైనర్ల వాటాను వారికి యుక్తవయస్సు వచ్చేవరకు బ్యాంకులో దీర్ఘకాలిక డిపాజిట్‌గా ఉంచాలి. నిరక్షరాస్యుల విషయంలోనూ అదే పద్ధతి. అవసరాన్ని విచారించి కొంత మొత్తం విడుదల చేయవచ్చు. ఆ డిపాజిట్‌పై అప్పు ఇవ్వకూడదు. నెలవారీ వడ్డీ నేరుగా దరఖాస్తుదారుకే చేరాలి. పరిహారాన్ని దరఖాస్తుదారుల ఖాతాలకే నేరుగా బదిలీ చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 1923 నాటి జమ పద్ధతిలోని ఆలోచనే ఈ రెండింటిలోనూ కనిపిస్తుంది.

అయితే ఈ రక్షణకు రెండో వైపు కూడా ఉంది. ఆసుపత్రి ఖర్చుకో అప్పు తీర్చడానికో తక్షణం డబ్బు అవసరమైన కుటుంబానికి డిపాజిట్ అడ్డుగోడ కావచ్చు. అప్పుడు ఆ కుటుంబం మళ్లీ వడ్డీవ్యాపారి దగ్గరికే వెళ్లవలసి వస్తుంది. ఖాతాలో పడిన సొమ్మును బాధితుడే డ్రా చేసి మధ్యవర్తికి ఇస్తే ప్రత్యక్ష బదిలీ కూడా ఆపలేదు.

6. ముగింపు
బ్రిటన్ మధ్యవర్తి కంపెనీని గుర్తించి నియంత్రించింది. భారతీయ న్యాయం న్యాయవాదికి వాటాను నిరాకరించింది, దళారీని జాబితాకెక్కించింది. కాని బాధితుడికి మధ్యవర్తి ఎందుకు అవసరమయ్యాడన్న ప్రశ్నను ఆలస్యంగా అందుకుంది. కాగితాలు అందకపోవడం, కోర్టు దూరంగా ఉండడం, తీర్పు వరకు గడవడానికి డబ్బు లేకపోవడం ఆ అవసరానికి మూలాలు. మొదటి రెండింటిని 1994, 2019 సవరణలు కొంత తగ్గించాయి. మూడోది మిగిలి ఉన్నంతకాలం నిషేధం ఎంత కఠినమైనా వాటా బేరం సాగుతూనే ఉంటుంది.