అమ్మ నుదుటి మచ్చ

అమ్మ సంవత్సరీకానికి పెడదామని, నా అయిదో ఏట తీయించుకున్న ఫొటో స్కాన్ చేసి, కంప్యూటర్లో బాగుచేయడానికి కూర్చున్నాను.

ఈ బాగుచేయడం కొత్తేమీ కాదు. పూర్వం స్టూడియోవాళ్ళు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు. నలుపు తెలుపు ఫొటోలకి చేత్తో రంగులద్దేవారు.

ఆ పని కంప్యూటర్లోకి వచ్చిన కథ కూడా ఒక ఇంట్లోనే మొదలైంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ గ్లెన్ నోల్ ఇంట్లో డార్క్‌రూమ్ ఉండేది. కొడుకు థామస్ అక్కడే ఫొటోలు కడగడం, వెలుగునీడలు సరిచేయడం నేర్చుకున్నాడు. 1987లో పీహెచ్‌డీ చేస్తూ, నలుపు తెలుపు మాకింటోష్ తెర మీద బూడిదరంగు ఛాయలు చూపించే చిన్న ప్రోగ్రాం రాశాడు. సినిమా ఎఫెక్ట్స్ పనిచేసే తమ్ముడు జాన్ తోడయ్యాడు. 1990 ఫిబ్రవరిలో అడోబీ దాన్ని ఫొటోషాప్ పేరుతో విడుదల చేసింది. 2002లో ఏడో వెర్షన్‌తో హీలింగ్ బ్రష్ వచ్చాక మచ్చలు తీసేయడం మరీ తేలికైపోయింది.

నేనూ ఆ బ్రష్షే తిప్పాను. గీతలు పోయాయి, చెమ్మ మరకలు పోయాయి. ఆ ఊపులో అమ్మ నుదుటి మీది మచ్చా పోయింది.

నాన్న చూసి, "బాగుందమ్మా, కానీ మీ అమ్మలా లేదు" అన్నారు. ఏడాది పిల్లనైన నన్నెత్తుకుని గుమ్మం దగ్గర జారినప్పుడు, నాకు తగలకుండా తను తగిలించుకున్న దెబ్బట అది. ఇన్నేళ్ళూ నాకు తెలియదు.

అన్‌డూ కొట్టి మచ్చ వెనక్కి తెచ్చుకున్నాను. మీరూ పాత ఫొటోలు దిద్దేముందు అసలు కాపీ ఒకటి పక్కన దాచుకోండి. ఏది మరకో, ఏది మచ్చో ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి.