బాట ఎవరిది, అడుగులెవరివి?
కార్న్‌వాల్ పట్టాల దారుల నుంచి కోలారు దిబ్బల దాకా

గనులు, మిల్లులు, సరుకు రైళ్లు మూతపడ్డాక వాటి దారుల్ని చదును చేసి నడకబాటలుగా, సైకిలు బాటలుగా మార్చే పని గత నలభై ఏళ్లుగా ఐరోపాలో బలంగా సాగుతోంది. దీన్ని 'పారిశ్రామిక వారసత్వం' అంటున్నారు. వారసత్వం అన్న మాట వినగానే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వారసులెవరు? పొలం విషయంలో, గుడి విషయంలో, చెరువు విషయంలో దళితులు ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. గని విషయంలో ఇంకా గట్టిగా అడగలేదు. ఈ వ్యాసంలో మేం ఆ పని చెయ్యదలిచాం. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో వేసిన బాటల్ని ముందు చూస్తాం. తర్వాత అదే కంపెనీ కుటుంబం చేతిలో డెబ్భై ఆరేళ్లు నలిగిన కోలారు బంగారు గనుల దగ్గరికి వస్తాం. ఈ రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టడం మా కల్పన కాదు. వాటిని కలిపింది చరిత్రే.

తగరం దారి

కార్న్‌వాల్‌లో రాగి, తగరం తవ్వకం చాలా పాతది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆవిరి యంత్రాలొచ్చాక గనులు లోతుకు పోయాయి. తవ్వుకున్న రాగి ఖనిజాన్ని కరిగించడానికి ఓడల్లో వేల్సులోని స్వాన్సీకి పంపాలి. యంత్రాలు నడపడానికి అక్కణ్ణుంచి బొగ్గు తెచ్చుకోవాలి. గనికీ రేవుకీ మధ్య బురదదారుల్లో కంచరగాడిదల మీద మోయించడం గిట్టుబాటు కాలేదు. అందుకే 1809లో పోర్ట్‌రీత్ రేవు నుంచి పోల్డైస్ గని వైపు గుర్రాలు లాగే పట్టాల దారి మొదలుపెట్టారు. దక్షిణాన డెవొరాన్ రేవు నుంచి రెడ్‌రూత్ దాకా ఇంకో లైనుకు 1824లో చట్టం తెచ్చుకున్నారు. దాని పేరు రెడ్‌రూత్ అండ్ చేస్‌వాటర్ రైల్వే. 1854 దాకా దాని మీద గుర్రాలే బళ్లు లాగాయి, ఆ తర్వాత ఆవిరి ఇంజన్లొచ్చాయి. 1915లో అది మూతపడింది.

1860లలో రాగి ధర పడిపోయింది. గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. వేల కుటుంబాలు ఆస్ట్రేలియాకూ అమెరికాకూ దక్షిణాఫ్రికాకూ పొట్ట చేతబట్టుకుని పోయాయి. తగరం గనుల్లో ఆఖరుదైన సౌత్ క్రాఫ్టీ 1998 మార్చిలో ఆగింది. ఆ గనిని తిరిగి తెరవాలని ఈమధ్య నీళ్లు తోడుతున్నారు గానీ, 1998 నాటికి మాత్రం ఒక బతుకు ముగిసిపోయింది.

ఆ శూన్యంలోంచే బాటల ఆలోచన వచ్చింది. ఖనిజపు బళ్లు జారిపోకుండా, గుర్రాలు అలిసిపోకుండా పాత దారుల్ని మెల్లని వాలుతో వేశారు. ఆ వాలే ఇవ్వాళ ముసలివాళ్లకీ, చక్రాల కుర్చీలో పోయేవాళ్లకీ, సైకిలు తొక్కే పిల్లలకీ పనికొచ్చింది. మినరల్ ట్రామ్‌వేస్ పేరిట కేంబోర్న్, రెడ్‌రూత్ పట్టణాల చుట్టూ సుమారు 60 కిలోమీటర్ల బాటలు తయారయ్యాయి. లాటరీ ఆదాయంతో నడిచే వారసత్వ నిధి, వెనకబడ్డ ప్రాంతాలకు ఐరోపా కూటమి ఇచ్చే నిధి ఇందుకు డబ్బిచ్చాయి. పోర్ట్‌రీత్ నుంచి డెవొరాన్ దాకా ఒక తీరం నుంచి ఇంకో తీరానికి పోయే బాట 11 మైళ్లు. గ్రేట్ ఫ్లాట్ లోడ్ అనే తగరపు పొర వెంబడి చుట్టివచ్చే బాట ఏడున్నర మైళ్లు. 2006లో కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ పనిలో మనం మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. పాత షాఫ్టుల నోళ్లు మూసి మనుషులు పడిపోకుండా చేశారు. గబ్బిలాలు వచ్చిపోయేలా కొన్నింటికి ఇనప జాలీలు పెట్టారు. కొన్నిచోట్ల పట్టాల కింద వేసిన నల్లరాతి దిమ్మెల్ని తియ్యకుండా అట్లాగే ఉంచారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకప్పుడు కంపెనీ కంచె లోపలున్న నేల మీద మామూలు జనం టిక్కెట్టు లేకుండా నడవగలుగుతున్నారు.

కానీ దిగువన, బిసో దగ్గర, అదే బాట పక్కన ఆర్సెనిక్ శుద్ధి చేసిన కట్టడాల శిథిలాలున్నాయి. కార్న్‌వాల్ పాషాణం అమెరికా పత్తి చేలల్లో పురుగుమందుగా పోయింది. పొయ్యి గోడలకు పట్టిన తెల్లటి విషాన్ని గోకి తీసే కూలీలు మొహానికి బంకమట్టి పూసుకుని, ముక్కుల్లో దూది పెట్టుకుని లోపలికి దిగేవాళ్లు. ఒడ్డున సుత్తులతో ఖనిజం పగలగొట్టిన ఆడవాళ్లను, ఆడపిల్లలను 'బాల్ మెయిడెన్లు' అన్నారు. వాళ్ల కూలి మగవాళ్ల కూలిలో కొద్దిపాటి. ఇంజను కట్టించిన ఇంజనీరు పేరు దొరుకుతుంది. సుత్తి పట్టిన పిల్ల పేరు అంత తేలిగ్గా దొరకదు. నిలిచిన గోడల చుట్టూ కథ అల్లుతారు, కూలిన బతుకులు పక్కకు పోతాయి. బాటలన్నిటికీ ఉన్న ప్రమాదం ఇదే.

ఒకే చెయ్యి

ఇక అసలు సంగతికి వద్దాం. డెవొరాన్ రైలు దారిని తలపెట్టి వేయించినవాడు జాన్ టేలర్ (1779–1863). 1819 నుంచి గ్వెన్నాప్‌లో కన్సాలిడేటెడ్ గనులు నడిపించినవాడూ అతనే. అతని పేరిట కొనసాగిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో మైసూరు సంస్థానంలోని కోలారులో అడుగుపెట్టింది. అంతకుముందు 1870లలో మైకేల్ లవెల్ అనే మాజీ సైనికుడు అక్కడ తవ్వకానికి అనుమతి సంపాదించాడు గానీ, పెట్టుబడి లేక నిలబడలేదు. మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ్, బాలాఘాట్ గనులు టేలర్ కంపెనీ చేతిమీదుగానే నడిచాయి. 1956లో మైసూరు ప్రభుత్వం జాతీయం చేసేదాకా పెత్తనం దానిదే. ఇవ్వాళ కార్న్‌వాల్‌లో హాయిగా సైకిలు తొక్కే బాటా, కోలారులో మూడు కిలోమీటర్లకు మించి లోతున్న గుంతలూ ఒకే కుటుంబ వ్యాపారపు రెండు కొసలు.

కార్న్‌వాల్‌లో పని పోయిన గనిమనుషులు కొందరు కోలారుకీ వచ్చారు. వాళ్లొచ్చింది కూలికి కాదు, అజమాయిషీకి. సొంతూళ్లో గని కింద దగ్గుతూ బతికినవాడు ఇక్కడ బంగళాలో దిగాడు, క్లబ్బుకు పోయాడు, 'దొర' అయ్యాడు. అక్కడ కూలోడు, ఇక్కడ దొర. వర్గం ఒక్కదానితోనే లోకాన్ని కొలిచే మిత్రులు ఈ మార్పును ఎట్లా అర్థం చేసుకుంటారో మాకు తెలుసుకోవాలని ఉంది. అతని కింద బండ తొలిచింది ఎవరు? ఎక్కువగా ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి వచ్చిన పరయ కులస్థులు. వాళ్లతోపాటు చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు మాలలు, మాదిగలు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటులో భాగమే. ఊళ్లో పాలేరుతనం, వెట్టి, కరువు. అవి తప్పించుకోవాలంటే భూమి లోపలికి దిగడం ఒక దారి. అది విముక్తి అనలేం, కానీ కరణం, మునసబుల కంటికి దూరంగా నెల జీతం దొరికే చోటు. ఈ రెండు ముఖాల్నీ కలిపి చూడకపోతే కోలారు అర్థం కాదు.

కడియం, వేలిముద్ర, పుస్తకం

గనిలోంచి బంగారం దొంగిలిస్తారని కూలీల ఒళ్లు తడిమి చూసేవాళ్లు. నంబరు చెక్కిన లోహపు కడియం మణికట్టుకు తొడిగేవాళ్లు. 1930లో వేలిముద్రలు తీసుకుని పేర్లు నమోదు చేస్తామన్నారు. నేరస్థ జాతుల మీద నడిచిన పద్ధతి ఇది. ఆ ఏప్రిల్‌లో వేలాదిమంది పని మానేశారు, సుమారు మూడు వారాలు గనులు స్తంభించాయి. అప్పటికి వాళ్లకు గుర్తింపున్న సంఘం లేదు, పేరున్న నాయకుడు లేడు. మైసూరు గని కార్మికుల మీద జానకి నాయర్ చేసిన పరిశోధన 1998లో పుస్తకంగా వచ్చాక ఈ చరిత్ర చదువుకున్నవాళ్లలో కొంత చర్చకొచ్చింది. లైన్లలో ఉన్నవాళ్లకు అది ఎప్పుడూ తెలిసిందే.

ఇంకొక చరిత్ర ఉంది. పండిత అయోతీదాస్ మద్రాసులో మొదలుపెట్టిన శాక్య బౌద్ధ సంఘానికి మారికుప్పంలో గట్టి శాఖ ఉండేది. చాంపియన్ రీఫ్స్‌లో సిద్ధార్థ పుస్తకశాల బౌద్ధ పుస్తకాలు అచ్చేసింది. 1914లో అయోతీదాస్ చనిపోయాక, 1926 నుంచి కొన్నేళ్లపాటు జి. అప్పాదురై సంపాదకత్వంలో 'తమిళన్' పత్రిక ఈ గనుల పట్టణం నుంచే వెలువడింది. అంబేడ్కర్ 1956లో బౌద్ధం తీసుకోవడానికి దశాబ్దాల ముందే గని కార్మికులు బుద్ధుణ్ణి తమవాడుగా చేసుకున్నారు. ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీ అభ్యర్థుల్ని గెలిపించి అసెంబ్లీకి పంపిన నియోజకవర్గం ఇది. బంగారంకన్నా విలువైంది ఇక్కణ్ణుంచి బయటికొచ్చిందంటే అది ఈ ఆలోచనే.

దిబ్బలూ దుమ్మూ

1902లో శివసముద్రం జలపాతం దగ్గర పుట్టించిన కరెంటు మొదట వచ్చింది ఈ గనులకే. బెంగుళూరు వీధిదీపాలకు అది 1905లో చేరింది. ఆ వెలుగు షాఫ్టులకీ బంగళాలకీ వచ్చింది. లైన్లలోని తడికల గుడిసెలకు ఎప్పుడొచ్చిందన్నది వేరే లెక్క. నూట ఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఇక్కణ్ణుంచి పోయింది. 1972లో ఏర్పడిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మిగిలిందేమిటి? బంగారం తీసేశాక పారబోసిన మూడు కోట్ల టన్నుల పైచిలుకు పిండిరాయి. దాన్ని జనం సైనైడ్ దిబ్బలంటారు. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్లల్లోకి వస్తుంది. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడ్డ పాత కార్మికుల దగ్గు మిగిలింది. పొడి మరుగుదొడ్లూ పాకీపనీ అక్కడ ఇంకా ఉన్నాయని 2011లో సైతం పత్రికల్లో వచ్చింది. కొడుకులూ కూతుళ్లూ తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి, కూలో ఉద్యోగమో చేసుకుని, రాత్రికి తిరిగొస్తున్నారు.

ఈ దిబ్బల మీద సినిమాలు తీశారు. 2018లోనూ 2022లోనూ వచ్చిన 'కె.జి.ఎఫ్.' చిత్రాల్ని తెలుగువాళ్లు ఎగబడి చూశారు. అందులో కార్మికులు రక్షకుడి కోసం ఎదురుచూసే గుంపు. 1930లో ఏ రక్షకుడూ లేకుండా సమ్మె కట్టినవాళ్ల మనవలకు ఆ బొమ్మ ఎట్లా కనపడి ఉంటుంది? 2024లో పా. రంజిత్ తీసిన 'తంగలాన్' ఆ మనుషుల కులాన్నీ భూమినీ తెరమీదికి తెచ్చింది. జ్ఞాపకం కోసం పోటీ మొదలయిందని దీనర్థం. బాట అన్నది కూడా ఆ పోటీలో భాగమే.

బాట వెయ్యాలంటే

తిండికి, పట్టాకు దిక్కులేని చోట సైకిలు బాటలేమిటని కొందరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. మా జవాబు ఇది: బాట రావడం, రాకపోవడం మన చేతిలో లేదు. గనుల పర్యాటకం మీద ఎవరో ఒకరి కన్ను పడుతుంది. అప్పుడు బంగళాలూ క్లబ్బూ 'చిన్న ఇంగ్లండు' అయి కూర్చుంటాయి, లైన్లు 'ఆక్రమణలు' అవుతాయి. కనక ముందుగానే మన షరతులు మనం రాసుకోవాలి.

మొదటిది, ఇంటిపట్టా తర్వాతే బాట. తరాలుగా లైన్లలో ఉన్న కుటుంబాలకు హక్కు రాసివ్వకుండా వేసే ఏ వారసత్వ బాటా ఖాళీ చేయించే నోటీసుకు ముందు మాటే అవుతుంది.

రెండోది, దుమ్ము. కార్న్‌వాల్‌లోనే, 1991లో వీల్ జేన్ గని మూసి పంపులు ఆపేస్తే, 1992 జనవరిలో కోట్ల లీటర్ల విషపు నీళ్లు కార్నన్ నదిలోకి ఎగదన్నాయి. గని మూతపడ్డంత మాత్రాన దాని పని ఆగదని ఆ ఎర్రనీళ్లు చెప్పాయి. అక్కడ శుద్ధి ఏర్పాటు చేశారు. కోలారు దిబ్బల మీద గడ్డి, చెట్లు నిలబెట్టి దుమ్ము అణచకుండా పర్యాటకుణ్ణి అటు నడిపించకూడదు. గంటసేపు వచ్చేవాడికి ప్రమాదమైతే, అక్కడే పుట్టి పెరిగేవాళ్ల సంగతేంటి?

మూడోది, దారి ఏ వైపు నుంచి మొదలవ్వాలి? బంగళా నుంచి షాఫ్టుకు కాదు, లైను నుంచి షాఫ్టుకు. షిఫ్టు సైరనుకు కార్మికుడు నడిచిన దారే బాట కావాలి. బంగారుపేట నుంచి కోరమండల్, ఊరుగాం, చాంపియన్, మారికుప్పం స్టేషన్లతో రైలు ఇంకా నడుస్తోంది. స్టేషను దిగి నడవగలిగేట్టు దాన్ని కలపొచ్చు. సిద్ధార్థ పుస్తకశాల నడిచిన చోట, బౌద్ధ సంఘం కూడిన చోట, 1930 సమ్మె జనం గుమిగూడిన చోట గుర్తురాళ్లు నిలపాలి. వాటి మీద తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఉండాలి. దారి చూపించే పని పాత కార్మికులకూ వాళ్ల పిల్లలకూ జీతమిచ్చి అప్పజెప్పాలి.

నాలుగోది మనకు సంబంధించింది. కోలారు బంగారపు పొర రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగలేదు. చిత్తూరు జిల్లా కుప్పం వైపున్న చిగరగుంట, బిసానత్తం గనులూ, అనంతపురం వైపు రామగిరి దగ్గర యెప్పమాన గనీ అదే భారత్ గోల్డ్ మైన్స్ నడిపినవే. అవి ఆగిపోయాక వాటి కార్మికుల గురించి తెలుగులో రాసింది చాలా తక్కువ. విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు ఇప్పుడే చెయ్యగలిగిన పని ఒకటుంది. ఆ పల్లెలకు పొండి. గనిలో పనిచేసినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల జీతం చీటీలు, వాళ్లు పాడిన పాటలు, వాళ్ల మందుల కాగితాలు, కింద చచ్చిపోయినవాళ్ల పేర్లు రాసుకోండి. రేపు ఎవరు బోర్డు పెట్టినా దాని మీద ఏం రాయాలో చెప్పడానికి మన దగ్గర ఆ పేర్ల జాబితా ఉండాలి.